పక్షవాతము తరువాతి జీవితము: అవయవస్వాస్థ్యము, జీవనసౌఖ్యము

ప్రశ్న స్వరూపము

పక్షవాతము వచ్చి ప్రాణము దక్కించుకొన్న మనిషికి ఆ పైని బ్రదుకులో ఏమి దక్కవలెనన్న ప్రశ్నకు వైద్యుడును, ఫిజియోథెరపీ చేయించువాడును, రోగియు, రోగిని కనిపెట్టుకొని యుండు భార్యయో కోడలో చెప్పు సమాధానములు ఒక్కటిగా నుండవు. మెదడులోని రక్తనాళము పూడుకొనుట వలననో చిట్లుట వలననో ఆ చుట్టుపట్టు భాగము నశింపగా, కాలు చేయి పడిపోయి, మూతి వంకరపోయి, ఒక్కొక్కప్పుడు మాటయు పడిపోయినవారికి పోయిన శక్తి యెంతవరకు తిరిగి వచ్చును, ఏ యుపాయముచేత వచ్చును, రాని పక్షమున జీవితము ఏ మేరకు సుఖప్రదము కాగలదు అను మూడు విషయములను గూర్చి గడచిన నూరేండ్లలో సిద్ధాంతములు, ప్రయోగములు, ఖండనములు ఒకదానిపై నొకటి పేరుకొన్నవి. వానిలో ఋజువైన దేదియో, కేవలము నమ్మకముగా చెల్లుబాటగుచున్న దేదియో వేరుచేయుట నేడు కష్టమైనది.

ఈ వాదములను ఒక క్రమమున పరిశీలించిన యెడల, వాదులలో పెక్కుమంది ఒకే వస్తువును కొలుచుటలేదని తేటపడును. ఒకరు కండరములో తిరిగి వచ్చిన కదలికను కొలుతురు. మరియొకరు ఆ మనిషి తన పనులు తాను చేసికొనుటను కొలుతురు. వేరొకరు అతడు మరల నలుగురిలో తిరుగుచున్నాడా, బ్రదుకు బాగున్నదని తలంచుచున్నాడా అని అడుగుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రకటించిన వర్గీకరణము ఈ మూడు అంతస్తులకును దేహవ్యాపారము, కార్యము, భాగస్వామ్యము అని వేర్వేరు స్థానములను ఏర్పరచినను, చికిత్సలను గూర్చిన వాదప్రతివాదములలో ఒక అంతస్తున గెలిచినది తక్కినవానిలోను గెలిచినట్లే చెలామణి యగుచున్నది. ఆ మూడింటిని విడదీసి, ఒక్కొక్కదానియందు స్థిరపడిన దేమి, పడని దేమి అని తూచుట ఈ సమీక్షకు ఉద్దేశము.

నిరాశ నుండి ఆశకు

ప్రాచీన వైద్యులు ఈ వ్యాధి సాధ్యాసాధ్యములను గూర్చి మిక్కిలి జాగరూకతతో మాటలాడిరి. సుశ్రుతసంహిత నిదానస్థానమున, కేవల వాతముచేత కలిగిన పక్షాఘాతము మిక్కిలి కష్టసాధ్యమనియు, ఇతర దోషములతో కూడినది సాధ్యమనియు, ధాతుక్షయము వలన కలిగినది అసాధ్యమనియు విభాగము చేయబడినది. గ్రీకుదేశమున హిపోక్రటీసు పేర ప్రసిద్ధములైన సూత్రములును ఇంచుమించు ఈ ధోరణిలోనే, తీవ్రమైన పోటు నయము కాదనియు స్వల్పమైనది సైతము సులభముగా నయము కాదనియు తీర్పు చెప్పినవి. 1658లో స్విట్జర్లాండు వైద్యుడైన యోహాన్ యాకబ్ వెప్ఫర్ శవపరీక్షల మూలమున ఈ వ్యాధికి మెదడులోని రక్తస్రావము కారణము కాగలదని చూపెను. 1861లో పాల్ బ్రోకా పారిస్ నగరమున, మాట పోయిన రోగి మెదడులో ఎడమవైపు ముందుభాగమున గాయము నుండుటను ప్రదర్శించెను. అప్పటినుండి ఒక్కొక్క శక్తికి మెదడులో ఒక్కొక్క స్థానమున్నదను సిద్ధాంతము బలపడగా, స్థానము నశించినచో శక్తియు నశించి తీరుననుట దానికి సహజమైన పర్యవసానమైనది. స్పెయిన్ శాస్త్రజ్ఞుడు సాంటియాగో రమోన్ ఇ కహాల్, పెద్దవారి మెదడులో నరముల దారులు స్థిరపడినవనియు, అక్కడ చచ్చినది మరల మొలకెత్తదనియు వ్రాయుటతో, ఆ తీర్పును మార్చు భారమును ఆయన రానున్న శాస్త్రమునకే విడిచినను, వైద్యలోకపు నిరాశకు శాస్త్రగౌరవము లభించినది.

ఆ నిరాశలోనే కొన్ని సందులు తెరచుకొన్నవి. 1914లో కాన్‌స్టాంటిన్ ఫాన్ మొనాకోవ్, గాయపడిన చోటునకు దూరముననున్న భాగములు సైతము కొంతకాలము స్తంభించి పిమ్మట మేల్కొనుననియు, తొలివారములలో కనబడు మెరుగు కొంత ఆ మేల్కొనుట వలననే కలుగుననియు సూచించెను. 1951లో థామస్ ట్విచెల్ రోగులను వరుసగా పరిశీలించి, కోలుకొనుటకు ఒక క్రమమున్నదని నిరూపించెను: మొదట వ్రేలాడుచుండిన చేయి బిగియును, తరువాత భుజము, మోచేయి, మణికట్టు అన్నియు ఒక్కుమ్మడిగా ముడుచుకొను స్థూలచలనము వచ్చును, కడపట, వచ్చిన పక్షమున, వ్రేళ్లు విడివిడిగా కదలును. నెల రెండు నెలలు గడచిన రోగి గ్లాసును గట్టిగా పట్టుకొనగలిగి దానిని వదలలేక అవస్థపడుటయు, చేయి నెత్తబోగా మోచేయి తనంతట తాను ముడుచుకొనిపోవుటయు ఈ మధ్యదశ లక్షణములే. 1996లో రాండాల్ఫ్ నూడో బృందము కోతుల మెదడులో చేతికి సంబంధించిన చోట చిన్న గాయము చేసి, సాధన చేయించిన కోతులలో మిగిలిన హస్తస్థానము నిలిచియుండుటయు, ఇరుగుపొరుగు ప్రదేశములకు వ్యాపించుటయు, సాధన లేని కోతులలో మిగిలినదియు కుంచించుకొనిపోవుటయు చూపిన తరువాత, మెదడు మార్పులేనిదను భావము దాదాపు తొలగిపోయినది. అప్పటినుండి వివాదమంతయు ఆ మార్పునకు అవధి యెంత, దానిని కదలించు ఉపాయమేది అను దిశకు మరలినది.

సహజముగా వచ్చున దెంత

ఏ చికిత్సకును గొప్పతనము నాపాదించుటకు ముందు, చికిత్స లేకున్నను వచ్చెడి మెరుగును లెక్కలోనుండి తీసివేయవలసియున్నది. చలనశక్తిలో కలుగు మెరుగులో అధికభాగము మొదటి మూడునెలలలో వచ్చుననియు, ఆరునెలల పిమ్మట అది మందగించుననియు పెక్కు పరిశీలనములు తెలుపుచున్నవి. స్వీడన్ దేశమున 1975లో వెలువడిన ఫ్యూగెల్-మేయర్ కొలమానము చేతికి 66, కాలికి 34 అంకములను కేటాయించి, చలనము విడివిడిగా జరుగుచున్నదా లేదా అనుటను పరీక్షించుటచేత, ఈ విషయమున ప్రామాణికమైనది.

ఈ కొలమానము నాధారము చేసికొని 2008లో ప్రభాకరన్, క్రాకవర్ మొదలగువారు, ఎవరికి ఎంత శక్తి పోయినను, పోయినదానిలో సుమారు 70 శాతము మూడునెలలలో తిరిగి వచ్చుననియు, మిక్కిలి తీవ్రముగా దెబ్బతిన్న కొందరియందు మాత్రమే ఈ నియమము తప్పుననియు ప్రతిపాదించిరి. మెదడు తన పరిమితిని తానే నిర్ణయించుకొనుననియు, చికిత్స ఆ పరిమితిని కదలింపజాలదనియు కొందరు దీనికి వ్యాఖ్య చెప్పిరి. 2019లో మరికొందరు గణితశాస్త్ర దృష్టితో ఈ నియమమును విమర్శించుచు, ప్రారంభ అంకమును పోయిన శక్తికి కొలతగాను, మెరుగును కొలుచుటకు ఆధారముగాను రెండుమారులు వాడుటచేత, యాదృచ్ఛిక సంఖ్యలలో సైతము ఇట్టి సంబంధము కృత్రిమముగా కనబడునని చూపిరి. అందువలన 70 శాతమును రోగికి జ్యోతిషమువలె చెప్పుట నేడు సమంజసము కాదు. అయినను, మొదటివారములలో భుజమును, వ్రేళ్లను కొంతయైన కదల్పగలిగిన వారికి చేయి వచ్చు అవకాశము హెచ్చనియు, నెలలు గడచినను కదలిక లేశమైన రానివారికి అది తక్కువనియు ఉభయపక్షముల వారును అంగీకరింతురు.

చికిత్సా సంప్రదాయములు

ఇరువదవ శతాబ్ది మధ్యమున చికిత్సకులు నరముల స్వభావమును గూర్చిన తమతమ ఊహల ననుసరించి వేర్వేరు సంప్రదాయములను నెలకొల్పిరి. బెర్లిన్ నుండి లండన్ చేరిన బెర్టా బోబాత్, కారెల్ బోబాత్ దంపతులు, పడిపోయిన పక్షమున తలయెత్తు బిగుతును, వికృతచలనములను మొదట అణచి, సహజమైన భంగిమను చికిత్సకుని హస్తస్పర్శ మూలమున నేర్పవలెనని బోధించిరి. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన సిగ్నె బ్రన్‌స్ట్రామ్ దానికి విరుద్ధముగా, ఆ స్థూలచలనములు కోలుకొనుటలో తప్పనిసరి మెట్లనియు, వానిని వాడుకొనియే పై మెట్టు నెక్కవలెననియు వాదించెను. ఈ రెండు మతములకును ముఖ్యగ్రంథములు 1970లోనే వెలువడుట, వానిని అనుసరించువారు దశాబ్దముల తరబడి పరస్పరము నిరాకరించుకొనుట చరిత్రలో ఒక విశేషము.

ఆస్ట్రేలియాలో జానెట్ కార్, రాబర్టా షెపర్డ్ 1982లో వేరొక త్రోవ తొక్కిరి. మనిషి ఏ పనిని మరల నేర్వవలెనో ఆ పనినే, కూర్చుండి లేచుట, గ్లాసు నందుకొనుట, మెట్టెక్కుట మొదలగువానినే, నిజమైన వస్తువులతో మరల మరల అభ్యసింపవలెనని వారి సిద్ధాంతము. రోగి ఇక్కడ చికిత్సకుని చేతులలో నుండుటకు మారుగా విద్యార్థిగా నిలుచును. పిమ్మట వెలువడిన సమగ్ర సమీక్షలలో బోబాత్ పద్ధతి తక్కినవానికంటె మిన్నయని తేలలేదు. 2014లో వెలువడిన విస్తృత సమీక్ష, ఏ చికిత్సయు చేయకుండుటకంటె చేయుట మేలనియు, పేరుపొందిన పద్ధతులలో ఏ యొక్కటియు తక్కినవానిని మించినదని చెప్పుటకు వీలులేదనియు తీర్మానించినది. నేటి మార్గదర్శక గ్రంథములు మాత్రము పనిని పనిచేయుచు నేర్చు అభ్యాసమువైపే మొగ్గుచున్నవి.

మరియొక సంప్రదాయము కోతులపై ఎడ్వర్డ్ టౌబ్ చేసిన పరిశోధనలలో పుట్టినది. పడిపోయిన చేతిని కదల్పబోయి మాటిమాటికి విఫలుడైన మనిషి దానిని వాడుట మానివేయుననియు, శక్తి కొంత తిరిగి వచ్చిన పిమ్మట సైతము ఆ మానుకొన్న అలవాటు తీరదనియు ఆయన అభిప్రాయము. మంచిచేతికి తొడుగు వేసి, మెలకువగానున్న కాలములో అధికభాగము దానిని పనికిరాకుండ చేసి, పడిపోయిన చేతిచేతనే రెండువారములు పనులు చేయించుట ఇందలి విధానము. 2006లో వెలువడిన ఎక్సైట్ ప్రయోగమున, పక్షవాతము వచ్చి మూడు మొదలు తొమ్మిది నెలలైన 222 మందిలో ఈ పద్ధతి స్పష్టమైన మేలు చేసినది. ఒక యేడాది గడచినను ఆ మేలు నిలిచినది. కాని మణికట్టును, వ్రేళ్లను కొంతయైన వెనుకకు వంచగలిగినవారే ఇందులకు అర్హులు. ఏమియు కదల్పలేని వారికి ఈ మార్గము మూయబడియున్నది.

యంత్రములపై పెట్టుకొన్న ఆశలు అంతగా ఫలింపలేదు. శరీరభారమును పట్టీలతో తగ్గించి ట్రెడ్‌మిల్ మీద నడిపించు పద్ధతి, 408 మందితో 2011లో వెలువడిన అమెరికా ప్రయోగమున, ఇంటివద్ద చికిత్సకుడు చేయించిన వ్యాయామమును మించలేదు. బ్రిటన్‌లో 770 మందితో జరిగి 2019లో వెలువడిన రాటల్స్ ప్రయోగమున, రోబో సాయముతో చేతికి చేయించిన శిక్షణ మామూలు చికిత్సకంటె చేతిపనితనమును పెంచలేదు. మెడలోని వేగస్ నరమును ప్రేరేపించుచు అభ్యాసము చేయించు పద్ధతి 2021లో 108 మంది యందు, నిజమైన ప్రేరణ లేకుండ అదే అభ్యాసము చేసినవారికంటె అధికమైన మెరుగు చూపి, ఆ యేడే అమెరికా ప్రభుత్వానుమతి పొందినది. అయినను సగటు వ్యత్యాసము ఫ్యూగెల్-మేయర్ కొలతలో మూడంకములకు లోబడియే యుండుటయు, పరికరమును శస్త్రచికిత్సతో అమర్చవలసి యుండుటయు గమనింపదగినవి.

మందుల చరిత్ర మరింత హెచ్చరిక నిచ్చునది. 2011లో ఫ్రాన్సున 118 మందిపై జరిగిన ప్రయోగము, మనోవ్యాకులతకు వాడు ఫ్లూఆక్సెటీన్ చలనశక్తిని పెంచునని ప్రకటింపగా పెక్కు దేశములలో ఆశలు రేగినవి. బ్రిటన్‌లో 3127 మందిపై జరిగి 2018 చివర వెలువడిన ఫోకస్ ప్రయోగమున ఆ ఫలము కనబడలేదు. మనోవ్యాకులత కొంత తగ్గినదిగాని ఎముకలు విరుగుట హెచ్చినది. చిన్న ప్రయోగమునకు కలిగిన పేరు పెద్ద ప్రయోగమునకు నిలువకపోవుట ఈ రంగమున ఒకసారి జరిగిన ముచ్చట కాదు.

ఎప్పుడు, ఎంత

పద్ధతుల తగవు చల్లారుచుండగా కాలము, మోతాదు అను రెండు ప్రశ్నలు ముందునకు వచ్చినవి. 2009లో వెలువడిన పరిశీలనమున, ఒక చికిత్సాసమయములో రోగి పడిపోయిన చేతితో చేయు ప్రయోజనకరమైన కదలికలు సగటున 32 మాత్రమేయని తేలినది. మెదడులో మార్పు చూపిన జంతుప్రయోగములలో ఆ సంఖ్య వందలలో నుండెను. ఇంతటి స్వల్పాభ్యాసము వలన ఫలము కనబడనప్పుడు దోషము పద్ధతిదా, చాలని మోతాదుదా అని నిర్ణయించుట దుస్సాధ్యము.

అట్లని ఎంత ముందుగా, ఎంత హెచ్చుగా చేసిన అంత మేలను ఊహయు నిలువలేదు. ఐదు దేశములలో 2104 మందితో జరిగి 2015లో వెలువడిన అవర్ట్ ప్రయోగమున, మొదటి 24 గంటలలోనే రోగులను మంచము దింపి మాటిమాటికి నడిపింపగా, మూడునెలలకు మంచిస్థితిలో నున్నవారు 46 శాతము కాగా, మామూలు చికిత్స పొందినవారిలో 50 శాతమైరి. దీని తరువాతి విశ్లేషణలో, ఒక్కొక్కసారి స్వల్పకాలము, పెక్కుమారులు లేపుట మేలని సూచన కనబడినది. 2021లో 72 మందిపై జరిగిన సీపాస్ ప్రయోగమున, అదనముగా 20 గంటల అభ్యాసము రెండు మూడు నెలల మధ్య మొదలిడిన వారికి హెచ్చుమేలును, మొదటి నెలలో మొదలిడిన వారికి కొంత మేలును కలుగగా, ఆరునెలల పిమ్మట మొదలిడిన వారియందు గణనీయమైన మార్పు లేకపోయినది. కాని లండన్ క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో మూడువారములలో 90 గంటల తీవ్రశిక్షణ పొందిన 224 మంది, ఏడాది రెండేడులు గడచిన వారు సైతము, చేతియందు పేర్కొనదగిన మెరుగు పొందినట్లు 2019లో ప్రకటింపబడినది. ఈ రెంటిని పక్కపక్కన చదివినప్పుడు, కాలము మించినదని తలుపు మూయుట తొందరపాటనియు, కాలము గడచినకొలది అదే మెరుగునకు హెచ్చుశ్రమ కావలసి వచ్చుననియు అనుకొనవచ్చును; కాని క్వీన్ స్క్వేర్ పరిశీలనమున సరిపోల్చు బృందము లేదు గనుక ఈ అనుమానమును సిద్ధాంతముగా గ్రహింపరాదు.

సౌఖ్యమును కొలుచుట

రోగి స్వావలంబనమును కొలుచుటకు 1965లో ఏర్పడిన బార్తెల్ సూచిక భుజించుట, స్నానము, నడక, మెట్లెక్కుట మొదలగు పది పనులకు 100 అంకములను పంచినది. ఇది సులభమగుటచేతనే లోకమంతట వ్యాపించినది. కాని తెలుగు ఇంటిలో ఈ సూచిక యెంత చెప్పునో, ఎంత మరుగుపరచునో పరిశీలించినచో దాని హద్దు తేటపడును. చెంచాతో తనంతట తాను తినగలిగినవారికి భోజనమునకు నిండుగా 10 అంకములు లభించును. అన్నములో పప్పు కలిపి ముద్దచేసి నోటికి తీసికొనిపోవుటకు కావలసిన వ్రేళ్ల నేర్పును ఆ పట్టిక అడుగదు. కుడిచేయి పడిపోయినవారు విందుపంక్తిలో ఎడమచేత తినుటకు సిగ్గుపడి శుభకార్యములకు పోవుట మానుకొన్న యెడల, అంకములు తగ్గవుగాని జీవితము కుంచించుకొనును. నేలపై కూర్చుండి లేచుట, నేలమట్టపు మరుగుదొడ్డిని వాడుట, చీర కుచ్చిళ్లు పెట్టుకొనుట ఇట్టివే; వీనిలో ఓడిన మనిషి 100 అంకములతో ఆసుపత్రి విడిచి రావచ్చును.

ఈ లోటును తీర్చుటకై 1999లో పక్షవాతమునకు ప్రత్యేకముగా ఏర్పడిన స్ట్రోక్ ఇంపాక్ట్ స్కేల్, బలము, చేతిపనితనము, నడకలతోపాటు మాట, జ్ఞాపకము, మనస్సు, సామాజిక భాగస్వామ్యములను రోగినోటనే అడుగును. ఆ యేడే ఆల్‌బ్రెక్ట్, డెవ్లీగర్ ప్రకటించిన పరిశోధనలో, తీవ్రమైన అంగవైకల్యము కలవారిలో సగమునకు మించి తమ జీవితము బాగుగా లేక ఉత్తమముగా నున్నదని చెప్పిరి. దీనివలన రెండు భిన్నాభిప్రాయములు పుట్టినవి: మనిషి తన ఆశలను సవరించుకొని నిజముగనే సుఖపడునని కొందరు, అణగిన ఆశను సుఖమని భ్రమించుట చికిత్స తగ్గించుటకు సాకగునని మరికొందరు. ఈ రెండు భయములును నిరాధారములు కావు. అవయవశక్తియు జీవనసౌఖ్యమును సంబంధము కలవియే అయినను ఒకదానినిబట్టి మరియొకదానిని అంచనా వేయరాదన్నంతవరకు మాత్రము ఏకాభిప్రాయమున్నది.

సౌఖ్యమును చెరచువానిలో మనోవ్యాకులత ముఖ్యము; పక్షవాతము వచ్చినవారిలో సుమారు మూడవవంతు దీనికి లోనగుదురు. మెదడు ఎడమభాగపు గాయమే దీనికి ప్రత్యేకకారణమని రాబర్ట్ రాబిన్సన్ మొదలగువారు ప్రతిపాదింపగా, 2000లో వెలువడిన సమీక్ష అట్టి సంబంధమునకు ఆధారము లేదని తేల్చినది. నష్టము, ఒంటరితనము, మెదడు గాయము మూడును కలిసి పనిచేయుననుట నేటి మధ్యేమార్గము. విడువని అలసట మరియొక శత్రువు. పైకి కనబడని దగుటచేత ఇంటివారు దీనిని సోమరితనముగా తలచుట కద్దు. భుజము నొప్పి, చేయి కాలు బిగిసిపోవుట, మ్రింగుట యందలి ఇబ్బంది బ్రదుకును నిత్యము పీడించునవి. వీనిలో కొన్ని జాగ్రత్తచేత తప్పునవి. రోగిని లేపునప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగకుండుట, చొక్కా తొడుగునప్పుడు ఆ చేతినే మొదట దూర్చి, విప్పునప్పుడు కడపట తీయుట వంటి చిన్న మెలకువలు భుజమును కాపాడును.

మాటకు, బుద్ధికి సంబంధించిన కోలుకొనుటలో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి పరిశోధన ప్రపంచదృష్టి నాకర్షించినది. సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్ మొదలగువారు 608 మంది రోగులను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, పక్షవాతము తరువాత బుద్ధిశక్తి చెక్కుచెదరనివారు రెండు లేక అంతకు మించి భాషలు వాడువారిలో 40.5 శాతము, ఒకే భాష వాడువారిలో 19.6 శాతము, మాట పడిపోవుటలో మాత్రము రెండు వర్గములకును భేదము లేదు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలిసి మసలు నగరమున ఇట్టి పరిశోధన సహజముగా పుట్టినది. బహుభాషాభ్యాసము మెదడునకు దాచుకొన్న బలమగునను సిద్ధాంతమునకు ఇది ఆసరాయే. కాని జీవనవిధానము, ఉద్యోగము మొదలగు భేదములను లెక్కగట్టి పూర్తిగా తీసివేయుట ఎంతవరకు సాధ్యమను శంకయు నున్నది.

ఇల్లు, ఊరు, రాజ్యము

పక్షవాత రోగులకు ప్రత్యేకమైన వార్డు, అందు వైద్యుడు, నర్సు, ఫిజియోథెరపిస్టు, మాటల చికిత్సకుడు కలిసి పనిచేయు ఏర్పాటు నిస్సందేహముగా మేలుచేయునది. నూరుమందిని అట్టి వార్డులో చూచినయెడల అదనముగా ఇద్దరు బ్రదుకుదురనియు, ఆరుగురు అధికముగా ఇంటివద్ద జీవింతురనియు పలు ప్రయోగముల సమాహారము చెప్పుచున్నది. ఇందులో అద్భుతమైన మందు ఏదియు లేదు. క్రమమైన పరిచర్యయే బలము. కాని అట్టి వార్డులు భారతదేశమున పెద్ద నగరములకే పరిమితము. రోగులలో అధికసంఖ్యాకులు కొలదిదినములలో ఇంటికి చేరుదురు. ఇల్లే చికిత్సాలయమైనప్పుడు ఇంటివారికే శిక్షణ నిచ్చిన నేమగునను ప్రశ్నతో, 14 ఆసుపత్రులలో 1250 మందితో అటెండ్ అను ప్రయోగము జరిగి 2017లో వెలువడినది. ఆసుపత్రిలో మొదలుపెట్టి రెండునెలలవరకు ఇంటివద్ద కొనసాగిన ఆ శిక్షణ పొందినవారిలోను, పొందనివారిలోను, ఆరునెలలకు మరణించినవారు లేక పరాధీనులైనవారు సరిగా 47 శాతమే.

ఈ ఫలితమునకు వ్యాఖ్యలు పలువిధములు. శిక్షణ మోతాదు చాలలేదనువారు కొందరు; మన కుటుంబములు శిక్షణ లేకున్నను అంతటి శ్రమ చేయుచునే యున్నవి గనుక భేదము కనబడలేదనువారు కొందరు; చావు, పరాధీనత అను స్థూలమైన కొలత సౌఖ్యములోని మార్పును పట్టుకొనజాలదనువారు మరికొందరు. ఇంటివారి శ్రమ చికిత్సకుని శ్రమకు బదులు కాగలదని ఈ ప్రయోగమును చూపి చెప్పుటకు మాత్రము వీలులేదు. పరిచర్యాభారము భార్యపై, కోడలిపై, కుమార్తెపై పడుటయు, వారి నిద్ర, ఆరోగ్యము, కూలి పనులకు కలిగిన నష్టము చికిత్సా పత్రములలో లెక్కకు రాకపోవుటయు పరిశోధకుల దృష్టికి రావలసిన విషయములు.

గ్రామములలో నాటుమందులు, ఆయుర్వేద మర్దనములు, స్వేదనకర్మలు నేటికిని ప్రబలముగా నున్నవి. నూనె మర్దనము కీళ్లు బిగియకుండ చేయుటకు, రోగికి హాయి కలిగించుటకు తోడ్పడవచ్చును. మాలీషుచేయు నిపుణుడు రోజూ వచ్చి పలుకరించుటలో మనస్సునకు ఊరటయు కలదు. చలనశక్తి తిరిగి వచ్చుననుటకు నమ్మదగిన పెద్ద ప్రయోగములు మాత్రము కొరవడియున్నవి. పోటు వచ్చిన తొలిగంటలలో పావురపు నెత్తురు పూయుటకో నాటువైద్యుని వద్దకో పరుగెత్తుట వలన, నాలుగున్నర గంటల లోపున ఇయ్యవలసిన గడ్డకరగించు మందునకు వేళ మించిపోవుట, చికిత్సల తగవునకు లోబడని స్పష్టమైన నష్టము.

రాజ్యము చేయుసాయమున నేటికిని అవయవమే కొలబద్ద. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి పక్షవాతముతో మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి నెలకు 15,000 రూపాయలును, దివ్యాంగులకు సాధారణముగా 6,000 రూపాయలును పింఛను లభించుచున్నది. అధికావసరమునకు అధికసాయ మిచ్చుట న్యాయమే. అయినను కర్రపట్టి నాలుగడుగులు వేయగలిగినవానికి, మరల పొలమునకో దుకాణమునకో పోవుటకు కావలసిన ఫిజియోథెరపీ, బండి ఖర్చు, మాటల చికిత్స నెవరిత్తురన్న ప్రశ్న పింఛనుతో తీరదు.

తులనాత్మక సారాంశము

పైని చర్చను సంగ్రహించిన యెడల ఈ క్రింది విధముగా నుండును.

సహజగతిని నమ్మువారు మెదడులోని పరిమితిని నొక్కిచెప్పుదురు. తొలి మూడునెలల ప్రాధాన్యమును గూర్చిన వారి మాట నిలుచును. అందరికి వర్తించు స్థిరమైన శాతము నిలువదు.

పద్ధతివాదులలో బోబాత్, బ్రన్‌స్ట్రామ్ మతముల వైరము చరిత్రగా మారినది. పనితోనే పనిని నేర్చు మార్గమునకు ఆధారము లధికము. తొడుగు పద్ధతి అర్హులైన కొందరికి మేలుచేయునదిగాని అందరికి తగినది కాదు.

యంత్రములను, మందులను నమ్మువారి ప్రతిజ్ఞలు పెద్ద ప్రయోగములలో కుంచించుకొనిపోయినవి. వేగస్ నరపు ప్రేరణము ఇంకను పరీక్షలో నున్నది.

మోతాదువాదుల పక్షము బలపడుచున్నది. కాని తొలిదినమున అతిశ్రమ చెరుపని తేలినది; ఆపైని ఎంత అభ్యాసమునకు ఎంత ఫలమో ఇంకను తేలవలసి యున్నది.

సౌఖ్యవాదులు రోగి మాటకు పెద్దపీట వేయుదురు. వారి కొలమానములు మన భోజనము, మన మరుగుదొడ్డి, మన పండుగపబ్బములకు సరిపడునట్లు మార్పు చెందవలసియున్నవి.

మిగిలిన సమస్యలు

ఇంకను తీరనివి మూడు. మొదటిది, ఆరునెలలు మించిన రోగికి తీవ్రాభ్యాసము ఎంతవరకు పనికివచ్చునన్నది. దీనికి సరిపోల్చు బృందముతో కూడిన పెద్ద ప్రయోగము కావలెను. రెండవది, చికిత్సకులు కొరవడిన దేశమున ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలు అభ్యాసము చేయింపవలెనన్నది. అటెండ్ ప్రయోగము మూసిన తలుపు ఇది కాదు, దాని అసలు వెడల్పును చూపినది మాత్రమే. మూడవది, చలనమున మెరుగు లేకయే సౌఖ్యమును పెంచు సాయములు, మనోవ్యాకులత చికిత్స, అలసటకు తగిన దినచర్య, మాటపోయినవారితో సంభాషించు నేర్పును ఇంటివారికి నేర్పుట, ఇంటిలో కమ్మీలు, ఎత్తైన పీటలు అమర్చుట మొదలగువానికి పరిశోధనలోను వ్యయములోను ఎంత వాటా దక్కవలెనన్నది.

ఈ మూడింటి విషయమున తగవు తీరువరకు, ఏ పద్ధతిని ప్రశంసించువారినైనను మూడు ప్రశ్నలు వేయుట ఉచితము: ఇది కదలికను పెంచినదా, పనిని సాధ్యము చేసినదా, రోగి తాను కోరిన చోటికి మరల పోగలిగెనా? మొదటి ప్రశ్నకు దొరకిన జవాబును మూడవదానికి జవాబుగా చెల్లించు అలవాటు మానినయెడల, ఈ రంగములోని వివాదములలో సగము వానంతట అవి సర్దుకొనును. మిగిలిన సగము నిజముగా ప్రయోగములు చేసి తేల్చవలసినవి.